తాడు మాట

అతను రేవు మెట్ల చివర కూర్చుని, కాళ్లు బండసందులో తన్నిపెట్టి, తాడును మూర మూరగా వదులుతున్నాడు. నీటి అడుగున ఆ తాడు కొసకు బావ ఉన్నాడు, అక్క మొగుడు. నోట్లో గాలి గొట్టం, నడుముకు ఈ తాడు.

రేవులో అతన్ని తాడుగాడనేవారు. నీళ్ల పక్కన పుట్టి ఈత రాని మనిషంటే నవ్వులాటే కదా, నవ్వేవాళ్లు నవ్వేవారు. కానీ గజ ఈతగాడైన బావ ఇంకెవరి చేతికీ తాడు ఇచ్చేవాడు కాదు. వాడికి సొంత తెలివి లేదు, తాడు చెప్పిందే చేస్తాడు, నాకు కావలసింది అదే అనేవాడు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేకపోయినా తాడుగాడు లోలోపల పొంగిపోయేవాడు. తాడు భాష చిన్నది. ఒకసారి లాగితే వదలాలి. వెంటవెంటనే మూడుసార్లు లాగితే పైకి తీయాలి.

ఈ గట్టు రాళ్లు బావ తండ్రీ, ఆయన జతగాళ్లూ మునిగి పేర్చినవి. ఆ గట్టు తెరచాప పడవలకు చాలింది, మరపడవలకు ఇరుకుగానైనా సరిపోయింది. ఇప్పుడు కొండంత ఓడలు రావాలట. అందుకని తండ్రి పేర్చిన రాళ్లకు కొడుకు గొలుసులు కడుతుంటే క్రేను ఒక్కొక్కటే పీకుతోంది. గట్టు అవతల, పెద్ద గొట్టంతో అడుగు బురదను పీల్చి తోడే ఓడ ఉంది. మనిషి నీళ్లలో ఉండగా దాన్ని నడపబోమని మేస్త్రీ మాట ఇచ్చాడు.

పొద్దుటి నుంచీ తాడుగాడి మనసు మనసులో లేదు. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. పీతలు మెట్లెక్కి, అతని కాళ్ల పక్కనుంచే ఊరివైపు పోతున్నాయి. ఈ పూట వద్దని నసిగితే బావ నవ్వాడు.

"పీతలకి భయపడి ఇంటికెళ్తే మీ అక్క నన్నే కూర వండేస్తుంది. పట్టుకో."

తాడు ఒకసారి లాగింది. వదిలాడు. బండ కింద సన్నగా అదురు మొదలై నడుం దాకా పాకింది. గట్టు అవతల పొగ లేస్తోంది. మేస్త్రీ మాట ఇచ్చాడు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఈసారి తాడు ఆగకుండా లాగింది. అలాంటి మాట వాళ్ల భాషలో లేదు. మూడుసార్లు కాదు కాబట్టి ఒకసారే అనుకున్నాడు. బావకు తొందరేమోనని అరచేతులు కాలేలా గబగబా వదిలాడు. ఆఖరి మూర కూడా వేళ్లలోంచి జారిపోయింది. పక్కనే గాలి గొట్టం ఒంటరిగా తేలి, బుడబుడమని గాలి కక్కింది.

అప్పుడు అరిచాడు. ఓడ ఆగింది గానీ, బురద గొట్టం మూతి దగ్గర చిక్కిన బావను బయటికి తీసేసరికి పొద్దు వాలింది. మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు.

అక్క వచ్చి ఎదుట కూర్చుంది. తాడుగాడు మొహం ఎత్తలేదు.

"బావ అడిగాడే అక్కా. అందుకే వదిలాను."

బావ పైకి రాగానే ఒళ్లు తుడుచుకోవాలని అక్క తెల్లవారగానే మడిచి పంపిన తువ్వాలు అతని ఒళ్లోనే ఉంది, చుక్క తడి లేకుండా.