మాస్టారి బండికి వెనక తొట్టి

జయరాజ్ మాస్టారి బండికి ముందంతా ఉంది, వెనక ఏమీ లేదు. జగ్గయ్యపేటలో పాత ఇనుము కొట్టువాడు తూకానికి వెయ్యబోతుంటే అడ్డుపడి కొన్నాడు ఆ పాతకాలపు పికప్పుని. ఇంజను తిరుగుతుంది, హారను మోగుతుంది, నీలం రంగు ముందుభాగం ఇంకా దర్జాగానే ఉంది. డ్రైవరు సీటు దాటితే మాత్రం రెండు ఇనప కమ్మీలు, వాటి సందులోంచి కనబడే నేల. సరుకు వేసే తొట్టి ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది.

"మంచి బండేనండి," అంది భార్య లూర్దమ్మ, చుట్టూ ఒకసారి తిరిగి చూసి. "సరుకు వెయ్యనంత కాలం ఏ ఢోకా లేదు."

జయరాజ్ నవ్వలేదు. నందిగామ హైస్కూల్లో సర్వీసంతా లెక్కలు చెప్పి, రిటైరై సొంతూరు చెవిటికల్లు వచ్చి ఏడాది దాటింది. ఇంతవరకు ఇంటి గుమ్మం తొక్కినవాడు లేడు. బండి ఉన్నవాణ్ణి ఊళ్ళో అందరూ ఏదో ఒకటి అడుగుతారు. మిర్చి బస్తాలు వెయ్యమంటారు, ఎరువు కట్టలు తెమ్మంటారు. పక్క సీట్లో కూర్చుని నందిగామ దాకా ఊసులు చెబుతారు. ఆ ఊసుల కోసమే బండి కొన్నాడు. ఈ సంగతి పెళ్ళానికి చెప్పలేదు గానీ, ఆవిడకి చెప్పక్కర్లేకుండానే తెలుసు.

అలాగని ఊళ్ళో స్నేహితులు లేక కాదు. చర్చి గోడ వారన మినీలారీ తొట్టి ఒకటి పడి ఉంది. కీసర దగ్గర లారీ బోల్తా పడ్డాక, మిగిలిన తొట్టిని తెచ్చి అక్కడ పడేశారు. సాయంత్రమైతే దేవరాజ్, వరప్రసాదరావు, ఇంకో ఇద్దరు ముగ్గురు దాని అంచు మీద చేరి పేకాడుకుంటారు. దేవరాజూ జయరాజూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. అయితే ఏం లాభం? జయరాజ్ అటు వెళ్ళగానే "మాస్టారొచ్చారు" అని అందరూ లేచి నిలబడేవారు. బీడీలు వీపుల వెనక్కి, పేకముక్కలు తువ్వాలు కిందకి పోయేవి. ఒకడు చోటు దులిపి కూర్చోమనేవాడు. తను కూర్చుంటే వాళ్ళు నిలబడే ఉండేవారు. వానల గురించి నాలుగు ముక్కలు అడిగి ఇంటికొచ్చేసేవాడు. ఆ మర్యాద ఒంటరితనం కంటే ఎక్కువ బాధపెట్టింది. వెళ్ళడమే మానేశాడు.

తొట్టి కోసం ఎక్కని షాపు, దిగని షెడ్డు లేవు. చివరికి నందిగామలో వెల్డింగు చేసే బుల్లిబాబు తేల్చేశాడు. "ఈ మోడలుది ఇంక దొరకదండి. ఏదో ఒక తొట్టి చూపించండి, అతికించే పూచీ నాది."

జయరాజ్‌కి చర్చి గోడ గుర్తొచ్చింది. ఆ లారీ ఓనరు నవీన్‌బాబుకి ఫోన్ చేస్తే, "తీసుకెళ్ళండి మాస్టారూ, దాన్ని అడిగేవాళ్ళెవరు?" అన్నాడు. అడిగేవాళ్ళు రోజూ దాని మీదే కూర్చుంటున్నారని పాపం అతనికి తెలీదు.

మర్నాడు సాయంత్రం బుల్లిబాబునీ, ఒక ట్రాక్టరునీ వెంటబెట్టుకుని జయరాజ్ అక్కడికి వెళ్ళాడు. అలవాటు ప్రకారం అందరూ లేచారు. వచ్చిన పని చెప్పాడు. దేవరాజ్ ఆ మాట విని, మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

"లేవం," అన్నాడు దేవరాజ్. "ఇల్లుంది, పెన్షనుంది, బండుంది. మేం కూర్చునే చోటు కూడా నీకే కావాలా?"

జయరాజ్‌కి ఒళ్ళు మండింది. ఊరొచ్చాక తనని చూసి కూడా మనుషులు కూర్చోవడం ఇదే మొదలు. ఆ కోపంలోనే ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

"ఎవరూ దిగకపోతే మనుషులతో సహా బిగించేస్తానండి," అన్నాడు బుల్లిబాబు. "బరువుకి రోడ్డు మీద కుదురుగా ఉంటది."

ఇంతలో లూర్దమ్మ వచ్చింది. ఎవరో కబురు చేసి ఉంటారు. "దేవరాజన్నయ్యా, పగలు ఈయన్ని వాడుకోనీ. సాయంత్రమయ్యేసరికి తెచ్చి ఇక్కడే పెడతారు. మీ చోటు మీకే ఉంటది."

"ఒక్క రోజు తేకపోయినా ఊరుకోం చెల్లెమ్మా," అని దేవరాజ్ దిగాడు.

ఆ తొట్టిని అతికించడానికి బుల్లిబాబు తల ప్రాణం తోకకి వచ్చింది. అది బండికి రెండు పక్కలా జానెడేసి ఎక్కువ, వెనక్కి మూరెడు పొడుగు. చక్రాలకి తగలకుండా కమ్మీల మీద చెక్క దుంగలు పరిచి, వాటి మీద తొట్టి ఎక్కించి బోల్టులు బిగించాడు. ముందు నీలం, వెనక పసుపు. నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా తయారైంది బండి. "ఇప్పుడు వెనక ఉంది, ముందే సరిపోలేదు," అంది లూర్దమ్మ.

పని పూర్తయిన రోజు సాయంత్రం బండి చర్చి గోడ పక్కన ఆగింది. అందరూ వచ్చి చూశారు. నేల మీద ఉన్నప్పుడు మోకాళ్ళెత్తున్న తొట్టి అంచు ఇప్పుడు రొమ్ములెత్తుకి చేరింది. వరప్రసాదరావు ఒక రాయి తెచ్చి వేశాడు. ఒకణ్ణి ఒకడు లాగి, వెనక నుంచి తోసి, నడుములు పట్టుకుని మూలిగి, బుల్లిబాబుని నాలుగు తిట్టి, అందరూ ఎక్కేసరికి సగం సాయంత్రం అయిపోయింది.

జయరాజ్ స్టీరింగు ముందే కూర్చుండిపోయాడు. వెనక పేకముక్కలు పంచుతున్న చప్పుడు వినబడుతోంది. దిగి వెళ్తే మళ్ళీ లేచి నిలబడతారేమో అని భయం. వెళ్ళకుండా ఉండలేకపోయాడు. తలుపు తీసుకుని మెల్లగా వెనక్కి వచ్చాడు.

ఎవరూ లేవలేదు.

"లేవమని మాత్రం చూడకు," అన్నాడు దేవరాజ్, బీడీ నోట్లోంచి తియ్యకుండానే. "ఎక్కడానికే ప్రాణం పోయింది. మర్యాదలు కావాలంటే నీ తొట్టి దించి మాట్లాడు." అని చెయ్యి కిందకి చాచాడు.

జయరాజ్ రాయి మీద కాలు వేసి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మోకాలు అంచుకి కొట్టుకుంది, చొక్కా చిరిగింది. తొట్టిలో పడ్డాడనే చెప్పాలి. ఎవరూ చోటు దులపలేదు. దొరికినచోట కూలబడ్డాడు.

"అంతా నువ్వే పరుచుకుంటే ఎట్టా?" అన్నాడు వరప్రసాదరావు, మోచేత్తో పొడిచి. "కాస్త జరుగు."

జయరాజ్ జరిగాడు.