శిల్పానికి అరువిచ్చిన కుర్చీ

డన్‌లీ వీధి చివర ట్రామ్ ఆగే చోట మూడు మూలల గడ్డి నేల ఒకటుంది. కుక్కల్ని తిప్పేవాళ్ళకు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. అక్కడ కళ లేకపోవడం పెద్ద లోటని ఒకరోజు మునిసిపాలిటీకి తోచింది. శాశ్వతమైన శిల్పం పెడితే జనం తరతరాలు తిడతారు కాబట్టి మూడు నెలలు ఉండేది చాలన్నారు. ఏది పెట్టాలో తేల్చే భారం వీధి కమిటీ నెత్తిన పెట్టారు.

కమిటీ అధ్యక్షురాలు గ్లెనిస్ పాస్కో. బడి ఆఫీసులో పనిచేసిన రోజుల్లో హెడ్మాస్టర్లను కూడా గుమ్మం బయట నిలబెట్టిన మనిషి. రాగి చేప పెడదామంటే పిల్లలు ఎక్కి పడతారని, అద్దాల గోడ పెడదామంటే పిట్టలు గుద్దుకుంటాయని కమిటీ కొట్టిపారేసింది. చివరికి టామ్సిన్ అనే కుర్ర శిల్పి ఆలోచన మిగిలింది. అది ఎవరికీ అర్థం కాలేదు, అందుకే ఎవరూ కాదనలేకపోయారు. ఇంటికొక కుర్చీ ఇస్తే చాలట. వాటిని గడ్డిలో అమర్చి 'వెళ్ళిపోయినవారు' అని పేరు పెడుతుందట.

వీధి జనం ధారాళంగా ఇచ్చారు. కాలు విరిగినవి, పిల్లి పీకినవి, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్‌వి. టామ్సిన్ మొహం వాడిపోయింది.

"ఒక్కటైనా మనిషి ఇష్టంగా కూర్చున్న కుర్చీ లేదా, గ్లెనిస్ గారూ?"

అధ్యక్షురాలి పరువు సమస్య. గ్లెనిస్ ఇంటికి వెళ్ళి వరండాలోని పేము కుర్చీ తెచ్చింది. అది ఆమె భర్త మెర్వ్‌ది. అక్కడివాళ్ళ తరహా ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజుల్లో అందులో కూర్చుని రేడియో వింటూ అంపైర్లకు శాపనార్థాలు పెట్టేవాడు. టీ కప్పు పెట్టీ పెట్టీ కుర్చీ కుడి చేతి మీద గుండ్రంగా మచ్చ పడింది. అతను పోయాక ఆమె అందులో కూర్చోలేదు, ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. మూడు నెలలేగా అనుకుంది. ఇల్లు చేరి ఖాళీ వరండా చూసేసరికి తప్పు చేశానని తెలిసిపోయింది.

అంత తెలివైన కమిటీలో ఒక్కరికీ గుర్తురాని సంగతి ఒకటుంది. అది పాతసామాన్ల వారం. అక్కర్లేనివన్నీ జనం గేటు ముందు పెడతారు. మునిసిపాలిటీ లారీ వచ్చి ఎత్తుకుపోయేలోపు ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు, డాక్టర్లు కూడా కారాపి స్టాండు లైట్లు ఏరుకుంటారు. గడ్డిలో అన్ని కుర్చీలు కనిపిస్తే జనం ఊరుకుంటారా? తెల్లారేసరికి కొన్ని మాయమయ్యాయి. వాటి చోట ఒక పరుపు, ఒక పాడైన మైక్రోవేవ్ వెలిశాయి.

టామ్సిన్ వచ్చి పరుపు చుట్టూ తిరిగింది. "ఇది మాట్లాడుతోంది," అంది.

"ఎవరితో?"

"కుర్చీలతో."

గ్లెనిస్ అటు తిరిగింది. అవతల పక్కింటి కోస్టా ఎర్ర స్టూలు చంకన పెట్టుకుని జారుకుంటున్నాడు.

"ఏయ్ కోస్టా! అది శిల్పం. దించు!"

"శిల్పమేంటి గ్లెనిస్, నేనిచ్చిన స్టూలేగా. మా ఆవిడ మళ్ళీ కావాలంటోంది."

"ఇచ్చాక నీది కాదు. మూడు నెలలదాకా ఎవరూ ముట్టుకోకూడదని కమిటీ తీర్మానం."

"కమిటీ అంటే నువ్వేగా!"

"నేనే. దించు."

కోస్టా గొణుక్కుంటూ దించాడు. గ్లెనిస్ మెల్లగా టామ్సిన్ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఆ పేము కుర్చీ నేను పట్టుకుపోతాను. దాని బదులు వేరేది తెచ్చిస్తా."

"అయ్యో, శిల్పానికి ప్రాణం అదేనండీ! అది తీసేస్తే మిగిలేది చెత్త."

"ఏం, అధ్యక్షురాలికి వేరే రూలా?" వెనకనుంచి కోస్టా అందుకున్నాడు.

 గ్లెనిస్ తీర్మానం ఆమె మెడకే చుట్టుకుంది. ఇక చేసేదేం లేక కాపలాకు దిగింది. ఊలు అల్లుకుంటూ, వచ్చేపోయేవాళ్ళను కసురుకుంటూ, కాళ్ళు పీకేదాకా నిలబడేది.

శనివారం ప్రారంభోత్సవం. ఇంకా ఎవరూ రాకముందే ఒక కుర్ర జంట వ్యాను ఆపి దిగింది. అన్నీ వదిలేసి ఆ అమ్మాయి సరిగ్గా మెర్వ్ కుర్చీ మీదే చెయ్యి వేసింది. గ్లెనిస్ పరుగున వెళ్ళి అందులో కూలబడింది.

"ఇది చెత్త కాదమ్మా. పొండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె లేవబోయింది, లేవలేకపోయింది. ఆ పేము మెర్వ్ ఒంటికి తగ్గట్టు సాగి ఉంది. చేతికింద టీ కప్పు మచ్చ తగులుతోంది. ఇన్నాళ్ళూ ఇందులో ఎందుకు కూర్చోలేదా అని ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

ఈలోగా జనం చేరారు. సాసేజీలు కాల్చడం మొదలైంది. కౌన్సిలర్ మాలొరీ వచ్చి, ఆమె ఎదురుగా నిలబడి గొంతు తగ్గించాడు.

"అద్భుతం! ఈవిడ కూడా శిల్పంలో భాగమేనా?"

టామ్సిన్ కాస్త తడబడింది. "అవునండీ," అంది.

అందరూ ఫోన్లు పైకెత్తారు. "నిజంగా ఏడుస్తున్నట్టే ఉంది చూడండి," అంది ఒకావిడ. "ఎక్కడ నేర్పించారో!"

"నేను భాగం కాదు," అంది గ్లెనిస్. "నేను ఆయన పెళ్ళాన్ని."

 ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. టామ్సిన్ వంగి ఆమె చెవిలో అడిగింది. "ఇకనుంచి ప్రతి శనివారం రాగలరా?"

గ్లెనిస్ లేచింది. కుర్చీని రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుంది. కమిటీ, తీర్మానం, పరువు ఏవీ ఆమెకు అడ్డురాలేదు. కోస్టా ఎదురుపడ్డాడు, చేతిలో రొట్టె, సాసేజీ. రూలు గురించి ఇప్పుడంటాడని ఆమె అనుకుంది. అతను ఆమె మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు.

"దారివ్వండయ్యా," అన్నాడు.

దారిచ్చారు. ఆ వీధిలో ఎవరు ఏ కుర్చీ ముట్టినా గద్దించిన మనిషి శిల్పానికి ప్రాణమైనదాన్ని పట్టపగలు, కౌన్సిలర్ కళ్ళముందే ఎత్తుకుపోతుంటే ఒక్కరూ ఆపలేదు. చప్పట్లు కొడుతూ ఇంటిదాకా వెంట వచ్చారు.

ఆమె మెట్లెక్కి కుర్చీని వరండాలో దాని చోట పెట్టి అందులో కూర్చుంది. "మెర్వ్" అని పిలిచి, రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది.

గేటు బయట చప్పట్లు ఇంకా జోరందుకున్నాయి.