అచ్చియ్యమ్మ కత్తిపీట

ఆషాఢము ప్రవేశించి పది దినములైనను వాన యింకను పట్టణము మొగము చూడకుండెను. సముద్రము వైపునుండి వీచు తేమగాలి కాకినాడ వీథులలో సుడిగొని యింటింటికి ఉప్పువాసన పంచుచుండగా ఆదివారమగుటచే బడిపిల్లల సందడియు కచేరీలకు బోవువారి పరుగును లేక పది గంటల వేళ ఊరెల్ల నొక్క నిట్టూర్పు విడిచి నిలిచినట్లుండెను. ఆ వేళను విశ్రాంతి యెరుగని చోటు మంగతాయారు భోజనశాల వంటిల్లు. పొయ్యిమీది గుండిగలో పప్పు కుతకుతలాడుచుండ వెనుకగది నల్లరాతి నేలపై మువ్వురు స్త్రీలు మూడు కత్తిపీటలపై గూర్చుండి రెండువందల విస్తళ్ళకు సరిపడు కూరలు తరుగుచుండిరి. వారిలో నడుమ గూర్చున్న యామె యచ్చియ్యమ్మ. ఏబది నాలుగేండ్ల యామె బ్రతుకులో పదునెనిమిదేండ్లు ఆ పీటమీదనే గడచినవి. ఆ మువ్వురి యెదుట నలుగురు యువకులును ఒక యువతియు పరీక్షకు వచ్చిన విద్యార్థులవలె చేతులు కట్టుకొని నిలిచియుండిరి.

వేషము గాని వాద్యము గాని లేక యొక్కరే వేదికపై నిలిచి కేవలము మాటలతో జనులను నవ్వించు విద్యను పడుచువారు స్టాండప్ కామెడీ యందురు. ఫ్యానుల దుకాణమున పనిచేయు నూకరాజను యువకుడు రెండేండ్ల క్రిందట మంగతాయారు కడకు వచ్చి భోజనశాల మేడపై నున్న రేకుల గదిని ఆదివారపు సాయంకాలములందు తన కిమ్మని వేడుకొనెను. మొదటి యాదివారమున వచ్చినవా రార్గురు. వారిలో నిద్దరు భోజనము మేడమీద పెట్టుదురనుకొని మెట్లెక్కినవారు. వారును సగము విని దిగిపోయిరి.

మూడవ వారమున నూకరాజు మంచినీళ్ళకై వంటింటికి వచ్చి గోడవైపు దిరిగి తన కథ నొకదానిని వల్లించుకొనుచుండెను. కొత్త ఫ్యాను కొనుక్కొని పోయిన పెద్దమనిషి యొకడు మరునాడు దానిని మోసికొని వచ్చి "గాలి బాగానే వత్తందయ్యా, చప్పుడే లేదు. నిద్దరట్టట్లేదు, పాతదిచ్చెయ్" అనినట్టి కథ యది. అది విన్న యచ్చియ్యమ్మకు నవ్వు పొంగివచ్చెను. చేతనున్న వంకాయ చేతనే యుండ కత్తిపీట యాగిపోయెను. ఆ సాయంకాలము మేడమీద నవ్వు పుట్టించినది ఆ కథ యొక్కటే. నాటినుండి నూకరాజు జట్టున నొక యాచారమేర్పడెను. ఆదివారము పది గంటలకు ఎవరి కథలు వారు వంటింట వినిపింపవలెను. అచ్చియ్యమ్మ కత్తిపీట యాగిన కథ మేడ యెక్కును. ఆగని కథ మెట్లకడనే నిలిచిపోవును.

ఆచారము ఫలించెనో కాలమే కలిసివచ్చెనో గాని యారు కుర్చీలు డెబ్బదియయ్యెను. సామర్లకోటనుండియు పెద్దాపురమునుండియు బండ్లు వేసికొని వచ్చువారు మొదలైరి. ఆడువారు గూడ రాదొడగిరి. ప్రతివారము ముందు వరుసలో గూర్చుండు విశ్రాంత ప్రధానోపాధ్యాయు డొకడు ఒక కథకు నవ్వవలసిన నవ్వును తరువాతి కథ నడుమ నవ్వుచుండెడివాడు. ఆ నవ్వు వినబడువరకును వేచి మరల మాటలాడుట యా జట్టునకు అలవాటయ్యెను. తుదకు పట్టణపు పురమందిరమునందే మున్నూరు మంది యెదుట ప్రదర్శన మేర్పాటు చేయునంతటి ధైర్యము వారికి గలిగెను.

ఇంతటి వైభవమునకు మూలమని యందరు నమ్మిన యచ్చియ్యమ్మ గుండెలో నొక ముల్లుండెను. గడచిన చలికాలమునుండి యామె కుడిచేతి బొటనవ్రేలు మాటవినుట మానినది. తరుగుచు తరుగుచు నుండగా ముడుచుకొని పోవును. మరల తెరుచుకొనువరకు చేయి కదలదు. అంతకు ముందేడు చూపు మందగించిన తోడి పనిగత్తె సుబ్బులును "ఇంటికాడ కూర్చోవే, పండగలకి వచ్చి కనపడు" అని మంగతాయారు మంచిమాటలతోనే పంపివేసెను. ఇంటికడ గూర్చుండుటకు అచ్చియ్యమ్మకు ఒంటరి గది తప్ప మరేమియు లేదు. ఆ కత్తిపీటయే యామెకు కూడు. పదిమందితో నుండు చోటును అదియే.

మొదటిమారు కథ నడుమ వ్రేలు బిగుసుకొని చేయి యాగినప్పుడు నూకరాజు "ఆగిందిరోయ్!" అని యెగిరి గంతు వేసెను. ఆమె నిజము చెప్పబోయి మంగతాయారు గుమ్మమున నిలిచియుండుట చూచి మిన్నకుండెను. చిన్నగా నవ్వెను గూడ. రెండవమారు చెప్పుట మరింత కష్టమయ్యెను. కథ గెలిచినవాడు వేడి టీ తెచ్చి యామె ప్రక్కన నుంచి "పిన్నిగారూ, అంతా మీ చలవేనండి, ఆయ్" అనుచుండ పదునెనిమిదేండ్లలో నెవ్వరును తన కిట్లు టీ తెచ్చియీయలేదన్న మాట యామెకు గుర్తు వచ్చెడిది. ఆ గౌరవము చేదుగా నుండెనని చెప్పిన నసత్యమగును.

పురమందిరపు ప్రదర్శనకు బూర్వము నడచిన యాషాఢపు పరీక్షలో నిలిచిన యువతి పేరు సత్యవేణి. రక్తపరీక్షలు చేయు ప్రయోగశాలలో నామె కుద్యోగము. జనుల యెదుట నిలుచుట యామెకదియే మొదలు. ఆమె రెండు కథలు తెచ్చెను. మొదటిది తన ప్రయోగశాల ముచ్చట.

"పరగడుపున రమ్మంటామండి. పొద్దున్నే ఒకాయనొచ్చి కూర్చుంటాడు. ఏమైనా తిన్నారా అంటే, అబ్బే, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదంటాడు. మరి మూతికా చట్నీ ఏంటండీ అంటే, అది నిన్నటిదమ్మా అంటాడు. నిన్నటి చట్నీ ఇంకా తడిగా ఉందేంటండీ అంటే, మా ఆవిడ చట్నీ అంతేనమ్మా, ఓ పట్టాన ఆరదంటాడు."

కత్తిపీట యాగలేదు సరిగదా మరింత వేగముగా నడచెను. సత్యవేణి మొగము వాడెను. అన్నగారి కొత్త ఫోనును గూర్చిన రెండవ కథ సగములో నుండగా చేయి యాగెను. నూకరాజు చప్పట్లు చరచి "చూశావా, ఫోనే నీ కథ! ఆ చట్నీ తీసి పక్కనెట్టు" అని తీర్పు చెప్పెను.

తరువాతి యాదివారము పురమందిరమున కడపటి వరుసలో అచ్చియ్యమ్మ తోడి పనిగత్తె లోవతల్లితో గూడ గూర్చుండెను. సత్యవేణి ఫోను కథ యెత్తుకొనెను. నవ్వు రాలేదు. మరల నెత్తుకొనెను. మున్నూరు మంది యూరకుండగా పైనున్న ఫ్యానుల గిరగిర స్పష్టముగా వినవచ్చెను. ఆమె జట్టువారి యలవాటు చొప్పున ప్రధానోపాధ్యాయుని యాలస్యపు నవ్వుకొరకు వేచి చూచెను. అదియు రాలేదు. మైకును నేలపై బెట్టి యామె దిగిపోయెను. అచ్చియ్యమ్మ తన బొటనవ్రేలిని చీరచెంగులో దాచుకొనెను.

మరునాటి యుదయము పది గంటలకు సత్యవేణి వంటింటికి వచ్చెను. నూకరాజు నామె వెనుకనే వచ్చి బ్రతిమాలుచుండెను. మంగతాయారు సామానుల గది గుమ్మమునుండి తొంగి చూచెను.

"చెప్పి పోదామని వచ్చానండి. ఇంక రాను," అనెను సత్యవేణి. "మీ కత్తిపీట ఆగిన కథకి కూడా జనం నవ్వలేదంటే లోపం నా నోట్లోనే ఉంది. ఇది నాకు రాని పని పిన్నిగారూ."

ఆ మాటతో అచ్చియ్యమ్మ యింక మిన్నకుండలేకపోయెను. కత్తిపీటను ప్రక్కకు వాల్చి గుమ్మము వైపు జూడకయే చెప్పెను.

"నీ నోట్లో ఏ లోపం లేదు తల్లీ. నేనాగింది నవ్వొచ్చి కాదు. ఏలు పట్టేసి. ఇదిగో, ఈ బొటనేలు. ముడుచుకుంటే తెరుచుకోదు. అది తెరుచుకునేదాకా నేనాగుతాను, మీరేమో చప్పట్లు కొట్టేత్తారు. చప్పట్లు కొట్టేవోళ్ళకి ఏలు నొప్పని ఎలా చెప్పను?"

"మరి నా చట్నీ కథ?"

"దానికి కడుపులోంచి తన్నుకొచ్చేసింది నవ్వు. చెయ్యాపితే ఏలు పట్టేత్తదేమోనని గబగబా తరిగేశాను. ఆ రోజు బెండకాయలన్నీ వంకరే."

నూకరాజు పాలిపోయిన మొగముతో నేలపై చదికిలబడెను. "పిన్నిగారూ, నా కుక్కరు కథ?"

"ఏలే బాబూ."

"స్కూటరు కథ?"

"అదీ ఏలే."

"దాన్ని పద్నాలుగు చోట్ల చెప్పానండీ! పోనీ... ఫ్యాను కథ?"

"అది నవ్వే బాబూ. అప్పటికి ఏలు బానే ఉండేది."

లోవతల్లి పొట్ట పట్టుకొని గోడకు వాలెను. మూడవ పీటపై నున్న పైడమ్మ కన్నీళ్ళు తుడుచుకొనెను. సత్యవేణి మొదట నూకరాజు మొగము జూచి పిమ్మట పకపక నవ్వెను. నవ్వనిది మంగతాయారొక్కతె. ఆమె నెమ్మదిగా వచ్చి అచ్చియ్యమ్మ చేతిని బట్టుకొని బొటనవ్రేలిని మడిచి చూచెను. అది యట్లే నిలిచిపోయెను.

"చలికాలం నుంచీ కూరలో ముక్కలు లావైపోతున్నాయని పైడమ్మని తిడుతున్నాను," అనెను మంగతాయారు. "నాతో చెప్పలేకపోయావుటే?"

"సుబ్బులుని పంపేశారు గదమ్మా."

మంగతాయారు పట్టిన చేతిని విడువలేదు. పొయ్యిమీది పప్పు పొంగుట గూడ నామె చూడలేదు. తుదకు "రేపట్నుంచి ఆ పీట ముట్టుకోకు. పప్పులో రాళ్ళేరు. భోజనాలవేళ వడ్డన చూసుకో. సాయంత్రం నాతో డాక్టరు దగ్గరికి రా. ఇంటికెళ్ళే ఊసెత్తితే మాత్రం ఊరుకోను," అని చెప్పి పొయ్యి తగ్గించుటకు బోయెను. సుబ్బులు ముచ్చట యామె యెత్తలేదు. కాని యా సాయంకాలము వైద్యుని కడనుండి తిరిగివచ్చుచు సుబ్బులు గది యే వీథిలో నున్నదని యచ్చియ్యమ్మ నడిగెను.

ఆదివారము వచ్చెను. వానయు వచ్చెను. రేకులమీద చినుకుల చప్పుడు దిగువ వంటింటికి వినవచ్చుచుండ పది గంటలకు జట్టు యథాప్రకారము వచ్చి నిలిచెను. సత్యవేణి చట్నీ కథ యెత్తుకొనెను. నడుమ నుండగా లోవతల్లి కత్తిపీట యాగెను. ఎవ్వరును చప్పట్లు చరచలేదు. ఐదుగురును ముందునకు వంగి యామె మొగము పరీక్షగా జూచిరి.

"ఏంటండీ అలా మీద పడిపోతన్నారు? దోసకాయ చేదేమోనని ముక్క నోట్లో ఏసుకున్నానండి," అనెను లోవతల్లి.

అప్పుడు మూలనుండి జలజల చప్పుడయ్యెను. అందరు తిరిగి చూచిరి. అచ్చియ్యమ్మ యొడిలోని చేట వొరిగి యేరిన పప్పును ఏరని పప్పును నేలపై నేకమైపోవుచుండెను. ఆమె చెంగుతో నోరు మూసుకొనియుండెను. భుజములు కదలుచుండెను. నవ్వునకును చేయి యాగును నొప్పికిని ఆగును. ఏది యేదో తెలియగోరువారు చేతిని గాక మొగమును చూడవలెను. చట్నీ కథ ఆ సాయంకాలము మేడ యెక్కెను. ప్రధానోపాధ్యాయుడు ఆ దిన మాలస్యము చేయలేదు.