మేకుల మధ్య వరి

గున్నయ్య మడిలో గవర్నమెంటు మేకులు దిగిన నాటినుంచి ఊళ్ళో అతని నడకే మారిపోయింది. మారదూ మరి! ప్రతి ఏడూ గణాంకాల ఆఫీసువాళ్ళు లాటరీ తీసినట్టు నంబర్లు తీసి, సంతబొమ్మాళి చుట్టుపక్కల కొన్ని పొలాలు ఎంచుతారు. ఎంచిన పొలంలో వసారా అంత జాగాకి నాలుగు మూలలా మేకులు కొడతారు. కోతలనాడు అక్కడ పండిన ధాన్యం తూచి, దాన్నిబట్టి ఆ చుట్టుపక్కలంతా ఎంత పండిందో లెక్క కడతారు. రెండువేల రెండులో ఆ నంబరు గున్నయ్యకి తగిలింది. అంతే, కోతలనాడు రమ్మని ఉద్దానంలో జీడితోటలున్న బావమరిదికి అప్పుడే కబురు పంపేశాడు.

మేకులు కొట్టించిన ఆఫీసరు, టెక్కలి నుంచి వచ్చిన వైకుంఠరావు గారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు. "గున్నయ్యా, ఇక్కడ మేకులున్న సంగతే మర్చిపో. మిగతా పొలాన్ని ఎలా చూస్తావో దీన్నీ అలాగే చూడు."

"అలగే బాబూ," అన్నాడు గున్నయ్య. అన్నాడు గానీ, చెవిన పెడితేనా!

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గెడ్డలో పారే నీరు ఎండింది, చెరువు అడుగంటింది, పొట్ట మీదున్న వరి నిలువునా మాడడం మొదలెట్టింది. గున్నయ్యకి బెంగ పట్టుకుంది. తిండిగింజల గురించి అనుకునేరు, కాదు! "ఆఫీసరు బాబు వొచ్చి ఈ మడి సూత్తే ఏటనుకుంటాడే? గున్నయ్యకి సేద్యం రాదనుకోడూ?" అని పెళ్ళాం గౌరమ్మ దగ్గర వాపోయాడు. ఇంకేముంది, అతను కావిడితో, ఆమె బిందెతో, తెల్లారితే చాలు నూతి నీళ్ళు మోసి ఆ మేకుల మధ్య పోయడమే పని. చూసినవాళ్ళు నవ్వారా? లేదు, మెచ్చుకున్నారు. పక్క మడి సన్యాసయ్యయితే "ఊరి పరువు నీ సేతిలో ఉంది బావా" అని ఓ పూట తన కావిడి కూడా తెచ్చి పోసి వెళ్ళాడు.

కోతల నాటికి చుట్టూ పొలమంతా బూడిదరంగుకి తిరిగితే, మేకుల మధ్య వరి మాత్రం కంకుల బరువుకి వంగి ఉంది. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది, బావమరిదితో సహా. కోశారు, నూర్చారు, తూచారు. గున్నయ్య చెయ్యి తనకి తెలీకుండానే మీసం మీదికి పోయింది. వైకుంఠరావు గారు మాత్రం నీరుగారిపోయి గట్టు మీద కూలబడ్డారు.

"ఏటి బాబూ, తక్కువొచ్చిందా?"

"ఎక్కువొచ్చిందయ్యా! ఈ తూకం పైకి పంపితే ఈ చుట్టుపక్కల పంట బ్రహ్మాండంగా పండినట్టు లెక్క. ఇంక పంటల బీమా ఎవరికిస్తారు? ఒక్కరికీ రాదు."

ఆ బీమా వస్తేనే మళ్ళీ విత్తనాలు కొనగలిగే ఊరది. కొంప మునిగిందని అందరికీ ఒక్కసారే తెలిసింది. తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. నీళ్ళు పోస్తుంటే మెచ్చుకున్నది వాళ్ళే కదా, పాపం!

ముందు తేరుకున్నది సన్యాసయ్యే. "బాబ్బాబూ, సగం తగ్గించి రాసీండి. ఎవుడు సూడొత్తాడు?"

"ఇవాళ నేను దొంగ తూకం రాస్తే, రేపు మీ పంట నిజంగా పోయినప్పుడు నా లెక్క ఎవడు నమ్ముతాడు?" వైకుంఠరావు గారి గొంతులో కోపం లేదు, బాధే ఉంది. "ఒక్కటే దారి. ఈ ముక్కకి విడిగా నీళ్ళు పోశామని రైతు తన నోటితో చెప్పి వేలిముద్ర వేస్తే, ఈ తూకం కొట్టేసి, మళ్ళీ నంబర్లు తీసి ఇదే పొలంలో ఇంకోచోట కోయిస్తాను. చెప్పకపోతే నేను చెయ్యగలిగిందేమీ లేదు."

గౌరమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒప్పుకోకయ్యా. గవర్నమెంటుని మోసం సేసినావని కేసెట్టేత్తారు. కడుపు సించుకుంటే కాళ్ళ మీదే పడతాది."

కేసంటే గున్నయ్యకి భయమే. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. ఇంకోచోట కోస్తే ఏం వస్తుందో అతనికి తెలుసు. సేద్యమంటే గున్నయ్యదేరా అనిపించుకున్న మనిషి, బావమరిది ముందు, ఊరి ముందు, ఆ ఎండుగడ్డిని తూయించుకోవాలా! గట్టు వైపు చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. ఒప్పుకోమని ఒక్కరూ అడగలేదు. అడిగితే కసిరేవాడేమో గానీ, అడగకపోయేసరికి ప్రాణం ఉసూరుమంది.

"నీల్లు నానే పోసినాను బాబూ," అన్నాడు. "కేసెట్టుకుంటే ఎట్టుకోండి."

"కేసులేమిటయ్యా, పిచ్చివాడా," అని వైకుంఠరావు గారు అతని భుజం మీద చెయ్యేశారు.

మళ్ళీ నంబర్లు తీశారు, తాడు పట్టారు, కోశారు. గౌరమ్మ చేటలో చెరుగుతుంటే తాలంతా గాలికి ఎగిరిపోయి అడుగున దోసెడు గింజలు మిగిలాయి. అవి తూకానికి ఇవ్వడానికి ఆమెకి చేతులు రాలేదు. చేట గుండెలకి అదుముకుని బావురుమంది.

గున్నయ్య ఆ చేట మెల్లిగా తీసుకున్నాడు. ఒక్క గింజ కింద పడకుండా తనే త్రాసులో పోశాడు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. వైకుంఠరావు గారు అంకె గొంతులోనే గొణుక్కుంటూ రాసుకోబోయారు.

"గట్టిగా సదవండి బాబూ," అన్నాడు గున్నయ్య. "అందరూ ఇనాల. ఇదే నా పంట."