ఎలుకకున్నపాటి విలువ

గిన్నెలో గాజు సిరంజి మరుగుతుంటే రబియా పొయ్యి పక్కనే గోడకు ఒరిగి కూర్చుంది. రంజాన్ నెల. తెల్లారకముందే సహరీ భోజనం అందరికీ వండిపెట్టి, తనకు నాలుగు ముద్దలు దిగకపోయినా రోజా ఉపవాసం పట్టింది. భర్త యాకూబ్‌కు రోజా లేదు. ఆయనకు షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ సూది. పెళ్లయినప్పటి నుంచి ఆ సూది వేసేది రబియానే. చిట్యాల బడిలో అంతమంది పిల్లలకు సైన్సు చెప్పే సారుకు సూదంటే భయం మరి!

తడిగుడ్డ చుట్టిన కుండలోంచి మందు సీసా తీసి ఆమె సూది వేస్తుంటే, యాకూబ్ మొహం అటు తిప్పుకుని పేపర్లో చదివిన కబురు తల్లికి చెబుతున్నాడు.

"ఇన్సులిన్ చేసే కణాలను ఎలుకల్ల పెడుతున్నరంట అమ్మా. పరాయివని ఒళ్లు వాటిని చంపుతదంట, చంపకుండ సన్న సంచిల పెడితే ఊపిరాడదంట. అందుకే కంటికి ఆనని సన్నటి రేణువులు తోడు పెట్టి ఊపిరాడేటట్టు చూస్తున్నరు. లేకుంటే బతకయి పాపం. మనుషులకొస్తే నాకు సూది బాధ తప్పుతది."

"అల్లా నీ మీద దయ చూడాలె బిడ్డా," అంది అత్త ఇక్బాల్ బీ.

రబియాకు ఒళ్లు మండింది. పోయిన నెల నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ ఆమెకూ షుగరేనంది. ఇదే మందు ఎంత ఎక్కించుకోవాలో చూపించింది, రోజా ఉండొద్దంది. ఇంటికొచ్చి చెబితే యాకూబ్, "ఒక్కింట్ల ఇద్దరికి సూదులా? నలుగురు నవ్వుతరు. మెంతుల నీళ్లు తాగు," అన్నాడు. "షుగరున్న బీమారోనికి అల్లానే రోజా మాఫీ ఇచ్చిండు. ఇంట్ల కూసునేదానివి, నీకేమొచ్చింది?" అని అత్త దబాయించింది. కూర్చోవడమట! నీళ్లు మోసేదెవరు, రొట్టెలు చేసేదెవరు, నిన్న బోరింగు కాడ కళ్లు తిరిగి పడిందెవరు? ఎక్కడో ఎలుక ఒంట్లో పరాయి కణానికి ఊపిరాడుతుందో లేదోనని పాపం అనే మనిషికి, పక్కన పడుకునే పెళ్లాం కనబడదా?

ఆమె సిరంజి కడిగి మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

"ఇంకెవలికి?" అన్నాడు యాకూబ్ రొట్టె నములుతూ.

రబియా సిరంజి చల్లారాక డాక్టరమ్మ చెప్పినంత మందు తీసి, తొడకు పొడుచుకుంది. కంచం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుని రొట్టె తుంచింది.

"హాయ్ అల్లా! రోజా ఇడుస్తవా?" అత్త అరిచింది.

"బీమారోళ్లకు మాఫీ అని మీరే అంటిరి గద అత్తమ్మా."

"అది నా మందు!" యాకూబ్ లేచి నిలబడ్డాడు.

రబియా నోట్లో ముద్ద నెమ్మదిగా నమిలి మింగింది. సిరంజి గిన్నెను ఆయన ముందుకు జరిపింది.

"నా సీసా నేను తెచ్చుకుంట. మాపటి సంది మీ సూది మీరే ఏసుకోండ్రి."