నాలుగో పేరా

ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా పాత నోటుపుస్తకాలన్నీ ముక్కలైపోవాలి.

కోర్టులో అది రూలు. జడ్జి చెబుతుంటే స్టెనో షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న పుస్తకం వంద రోజులు దాటితే మెషిన్‌లో వేసి చించేయాలి. స్టెనో బల్ల మీద ఆరు పుస్తకాలు తాడు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇంకో పదకొండు వారాల్లో ఆమె రిటైరవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆమె టైపు చేసిన ఉత్తర్వుకి ఒక్క సవరణ కూడా రాలేదు. అందుకే కోర్టంతా ఆమెని "అచ్చుయంత్రం" అంటుంది. ఎదురుగా అంటే మెప్పు, వెనకాల అంటే వెక్కిరింత. ఆమె రెండిటినీ మెప్పుగానే తీసుకునేది.

పన్నెండున్నరకి కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం. వేళ్ల చివర సూది పొడిచిన గుర్తులు.

"మేడం, ఒక్క మాట."

"నకళ్లు పక్క కిటికీలో."

"నకలు కాదు మేడం. ఒకటి అడగాలి."

"అడిగేవన్నీ లాయరుగారిని అడగాలమ్మా."

"అడిగాను. కాగితంలో ఉన్నదే ఖాయం అన్నారు. జైలు ఆఫీసులో అడిగితే వాళ్లూ అదే మాట. మా ఆయన్ని అడిగితే, నీ చెవులు తుప్పు పట్టాయే అన్నాడు. ఇంక మిగిలింది మీరొక్కరే."

స్టెనోకి నవ్వొచ్చింది. "ఏదీ, ఇలా ఇవ్వు."

అది బెయిలు ఉత్తర్వు. తేదీ చూస్తే నూట నాలుగు రోజుల కిందటిది. ఈమె భర్త ఇళ్లకి రంగులు వేసే మేస్త్రి. పని చేస్తున్న ఇంట్లో ఉంగరం పోయిందని పట్టుకెళ్లారు. బెయిలు వచ్చింది. కానీ నాలుగో పేరాలో షరతు ఉంది: సొంత ఇల్లో స్థలమో ఉన్న ఇద్దరు జామీనుదారులు పత్రాలతో సహా హాజరై పూచీ పడాలి.

"ఆ రోజు జడ్జిగారు ఇలా అనలేదు మేడం. ఇతని సంతకం చాలన్నారు. నేను బోను పక్కనే నిలబడి విన్నాను."

"మీ లాయరు వినలేదా?"

"ఆయన అప్పటికే పక్క కోర్టుకి పరిగెత్తాడు. ఉచిత లాయరు కదా, ఒంటికాలి మీద ఉంటాడు."

"వినడంలో పొరపాటు జరుగుతుందమ్మా. కాగితంలో జరగదు. దాన్ని టైపు చేసింది నేనే."

మేస్త్రి భార్య కదల్లేదు. "నేను చొక్కాల కంపెనీలో బొత్తాలు కుడతాను మేడం. మా వాళ్లలో సొంత ఇల్లున్నవాడు ఒక్కడు లేడు. ఇద్దరిని ఎక్కణ్ణుంచి తెచ్చేది? పోయిన నెల మా మామగారు పోయారు. చివరి చూపుకి కూడా మా ఆయన్ని పంపలేదు. ఒక్కసారి చూడండి. నేను విన్నది తప్పయితే తప్పని మీ నోటితో చెప్పండి. మళ్లీ ఈ గుమ్మం తొక్కను."

ఆమెని పంపించెయ్యడానికే స్టెనో తాడు విప్పింది. మూడో పుస్తకం తీసి, తేదీ వెతికి, కేసు నంబరు దగ్గర వేలు పెట్టింది.

ఆమెకో అలవాటుంది. జడ్జి నోటి వెంట వచ్చిందల్లా, దగ్గు తప్ప, రాసుకుంటుంది. అక్కర్లేనిది టైపులో వదిలేస్తుంది. ఆ పేజీలో ఆమె గీతలు ఇలా ఉన్నాయి: "ఆ కిటికీ మూయండి, జల్లు కొడుతోంది. ఆ... ముద్దాయిని సొంత పూచీకత్తు మీద విడుదల చేయాలి. జామీనుదారులు అవసరం లేదు. రంగులు వేసుకునేవాడు ఇద్దరు ఆస్తిపరుల్ని ఎక్కణ్ణుంచి తెస్తాడయ్యా?"

స్టెనో పేజీని వెలుగువైపు తిప్పుకుంది.

రెండోసారి చదివింది. గీతలు మారలేదు. కంప్యూటర్‌లో ఆ రోజు ఫైళ్లు తెరిచింది. మేస్త్రి ఉత్తర్వుకి ముందుది ఒక బిల్డరుది. ఒకే ఫ్లాటుని నలుగురికి అమ్మినవాడు. అతనికి ఇద్దరు జామీనుదారులు, నాలుగో పేరాలో. ఆ రోజు తను ఆ ఫైలుకే నకలు తీసి, పేరు మార్చి, నంబరు మార్చి, నేరం మార్చింది. సెక్షన్‌లో అందరూ చేసేది అదే. రోజుకి నలభై ఉత్తర్వులు కొట్టాలంటే మరో దారి లేదు. నాలుగో పేరా మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

బిల్డరు అదే రోజు సాయంత్రం ఇద్దరిని తెచ్చుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

"మేడం?" అంది కిటికీ బయటి గొంతు.

"కూర్చోమ్మా. ఎక్కడికీ వెళ్లకు," అంది స్టెనో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

బెంచి క్లర్కు టిఫిను డబ్బా మూస్తున్నాడు. నోరు తెరిస్తే టైము చెబుతాడని అతనికి "గడియారం" అని పేరు.

"ఒంటిగంట ఐదు. ఏమిటక్కా, ముఖం అలా పాలిపోయింది? అచ్చుయంత్రానికి సిరా అయిపోయిందా?"

ఆమె పుస్తకం చూపించి జరిగింది చెప్పింది. అతను లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు నీకు."

"అయితే ఎవరికీ తెలియదు. విను. షరతు సడలించమని వాళ్ల లాయరు చేత పిటిషన్ వేయిద్దాం. జడ్జిగారు కాదనరు. మూడు వారాల్లో అయిపోతుంది. పాము చావదు, కర్ర విరగదు అన్నట్టు కాదు, నిజంగానే ఎవరికీ ఏమీ కాదు."

"ఆ మూడు వారాలు లోపల ఎవరుంటారు? నువ్వుంటావా?"

"నూట నాలుగు రోజులు ఉన్నవాడు ఇంకో ఇరవై..." గడియారం అక్కడే ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "నీ గీతలు చదవగలిగే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరక్కా. నాలుగింటికి మెషిన్‌లో పడితే అక్కడితో సరి. నువ్వు నోరు విప్పావో, చార్జి మెమో ఇస్తారు. పదకొండు వారాల్లో ఎంక్వైరీ తేలదు. సన్మానం చేసి పంపాల్సిన మనిషిని దొంగలా వెనక గేటు నుంచి పంపుతారు. తమ్ముడిలా చెబుతున్నాను."

"తమ్ముడివే. అందుకే ముందు నీకు చెప్పాను," అంటూ ఆమె పుస్తకం తీసుకుని జడ్జి గదివైపు నడిచింది. పాతిక అడుగులు. ముప్పై ఒక్క ఏళ్లుగా నడుస్తున్న వరండాయే. ఆ రోజు ఎంతకీ తరగలేదు.

జడ్జి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. "సంతకాలా?"

"కాదు సార్. తప్పు. నాది."

నిలబడే అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డురాలేదు. చివర్లో మాత్రం, "చదవండి," అన్నాడు.

ఆమె చదివింది. కిటికీ, జల్లు, సొంత పూచీకత్తు, ఇద్దరు ఆస్తిపరులు, ఏదీ వదల్లేదు. ఆయన చూపు కిటికీవైపు తిరిగింది.

"ఆ రోజు దాని గడియ ఊడిపోయింది. గుర్తుంది." ఆమెవైపు తిరిగి అడిగాడు. "ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?"

"మీదే సార్. ఆ రోజు నలభై ఒకటి ఉన్నాయి."

"లెక్క చెప్పి నన్ను కాపాడకండి. చదవకుండా పెట్టాను." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ప్రాసిక్యూటర్‌ని పిలవండి. వాళ్ల లాయరు ఏ కోర్టులో ఉన్నా లాక్కురండి. ఇది నా గదిలో దిద్దేది కాదు. అందరి ముందు దిద్దాలి."

రెండున్నరకి కోర్టు కూర్చుంది. మేస్త్రి భార్య వెనక బెంచీలో చివర కూర్చుంది. జడ్జి ఎప్పుడూ గొణిగినట్టు చెబుతాడు. ఆ రోజు గొంతు పెంచి, ఒక్కొక్క మాట ఆగి చెప్పాడు.

"స్టెనోగ్రాఫర్ పాత ఉత్తర్వు నకలు మీద కొత్తది తయారు చేయడం వల్ల, న్యాయమూర్తి దాన్ని చదవకుండా సంతకం చేయడం వల్ల, ఈ కోర్టు విడుదల చేసిన మనిషి నూట నాలుగు రోజులు నిర్బంధంలో ఉన్నాడు. నేరం రుజువు కాలేదు. విచారణ మొదలు కాలేదు. ఈ నిర్బంధానికి ఏ చట్టమూ ఆధారం కాదు."

'స్టెనోగ్రాఫర్' అన్న మాట దగ్గర ఆమె పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత కదిలింది. తన మీదా, స్టెనో మీదా పై కోర్టుకి నివేదిక పంపాలని జడ్జి చివర్లో చెప్పాడు. ఆమె దాన్నీ రాసుకుంది. పుస్తకాన్ని కేసు ఫైల్లో కలపమన్నాడు.

ఈసారి ఆమె పాత ఫైలు తెరవలేదు. ఖాళీ పేజీ మీద మొదటి అక్షరం నుంచి కొట్టింది. జడ్జి ప్రతి పంక్తి కింద వేలు పెట్టి చదివి సంతకం చేశాడు.

గడియారం ముద్ర వేశాడు. మామూలుగా అయితే ఆ కాగితం మర్నాడు ఉదయం మెసెంజర్ సంచీలో వెళ్లాలి. అతను దాన్ని చొక్కా లోపల దోపుకున్నాడు.

"నాలుగూ పది. విడుదల కాగితాలు వేసే జైలు డబ్బా ఐదింటికి తీస్తారు. నా స్కూటర్ మీద వెళ్తాను. మీరిద్దరూ బస్సులో రండి."

బస్సులో మేస్త్రి భార్య కిటికీ పక్కన కూర్చుంది. మూడు స్టాపులు దాటాక అడిగింది.

"స్టెనోగ్రాఫర్ అంటే మీరేనా?"

"నేనే."

ఆమె తల తిప్పుకుంది. ఇంకో రెండు స్టాపులు గడిచాయి. "మా మామగారు ఆఖర్న పది రోజులూ తలుపువంకే చూశారు," అంది.

స్టెనో చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంది.

"మీరు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి నేనిప్పుడు మీకు దణ్ణం పెట్టాలా, తిట్టాలా?"

"తిట్టు."

"తిడతాను. ముందు ఆయన్ని బయటికి రానీయండి."

ఆరు కావస్తుంటే జైలు చిన్న తలుపు తెరుచుకుంది. గుడ్డసంచీతో మేస్త్రి బయటికి వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర వదులైపోయింది. భార్య అతని చేతులు పట్టుకుని గోళ్లు చూసింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ గోళ్ల కింద ఏదో ఒక రంగు ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు. అప్పుడే ఆమెకి ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని, స్టెనోని చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"ఈవిడే ఆ రోజు పుస్తకంలో రాసుకుంది. అడుగు. నా చెవులు తుప్పు పట్టాయేమో అడుగు!"

మేస్త్రి అయోమయంగా చూశాడు. పుస్తకం కోర్టు ఫైల్లో ఉండిపోయింది. అయినా స్టెనోకి అవసరం పడలేదు. రోడ్డు పక్కన నిలబడి, కిటికీ మూయమన్న దగ్గర్నుంచి ఆస్తిపరుల దాకా మాట పొల్లు పోకుండా అప్పజెప్పింది. "మీ ఆవిడ సరిగ్గానే విన్నది. తప్పుగా కొట్టింది నేను."

మేస్త్రి భార్యవైపు తిరిగాడు. "మరి నేను నిన్ను..."

"మూడు నెలలు తిట్టావు. ఇంటికి పద, లెక్క తేలుద్దాం."

నవ్వబోయి ఆగాడు. స్టెనోని నిదానంగా అడిగాడు. "మా నాన్న పోయిన రోజున కూడా ఈ మాట ఆ పుస్తకంలోనే ఉందా అమ్మా?"

"ఉంది."

అతను తల ఊపాడు. సంచీ భుజాన వేసుకుని బస్సు స్టాపు వైపు నడిచాడు. భార్య వెంట నడిచింది.

తిడతానన్న మాట ఆమె మరిచిపోయిందో, వాయిదా వేసిందో తెలియదు. వాళ్ల బస్సు మలుపు తిరిగేదాకా స్టెనో అక్కడే నిలబడి ఉంది.