గడ్డ ఏ దారిన వచ్చింది?

ఇందుకూరుపేట వైపు పరామర్శకు వచ్చినవాళ్ళు బత్తాయిలు మంచం పక్కన పెట్టి ముందు కుట్లు చూస్తారు, ఆ తర్వాతే మనిషి ముఖం. రొయ్యల గుంటల సుకుమార్ నెల్లూరులో కిడ్నీ గడ్డకు ఆపరేషన్ చేయించుకుని వచ్చాక, పక్కింటి ఆదిశేషమ్మ కూడా అదే వరసలో చొక్కా ఎత్తించి చూసింది. పొట్ట మీద మూడు చిన్న ప్లాస్టర్లు. ఆమెకు చప్పగా అనిపించింది.

"ఇంతేనా? నా గర్భసంచికి ఈడ్నించి ఆడిదాకా కోసినారు. టెంకాయంత గడ్డ, కిడ్నీతో సహా, ఈ బొక్కల్లోంచి వచ్చిందా అమ్మాయ్?"

సుకుమార్ భార్య సుభాషిణిది కూడా అదే అనుమానం. ఆపరేషన్ అయ్యాక ట్రేలో ఏదో చూపించారు గాని, అది తన మొగుడిదేనని దాని మీద పేరు రాసి లేదు. గడ్డ లోపలే ఉండిపోతే మనిషి దక్కడు. పైగా కాంపౌండర్ శివ కట్టు మార్చడానికి వస్తే చాలు, సుకుమార్ తలుపు వేయిస్తున్నాడు.

ఆదిశేషమ్మ అటు వెళ్ళగానే సుభాషిణి మంచం దగ్గరికి వచ్చింది.

"రేపు చెన్నైకి కారు మాట్లాడినా. ఇంకోసారి స్కానింగు తీయిద్దాం."

"ఎందుకే? లోపలే సంచిలో వేసి, మూతి బిగించి లాగినారంట."

"ఏ దారిన లాగినారో చెప్పు. గుంటలో పట్టుబడి రోజు నిండు రొయ్యల సంచిని సూదిబెజ్జంలోంచి తీస్తామా?"

సుకుమార్ ఫ్యాను వంక చూశాడు.

"శివ వస్తే తలుపెందుకయ్యా? ఇంకేమన్నా తీసినారా?"

"ఛీ ఛీ!"

"అయితే లుంగీ దించు."

"ముందు తలుపెయ్యి."

వేసింది. అతను కళ్ళు మూసుకుని, లుంగీ ముడి కిందికి జరిపాడు. బొడ్డుకు బాగా కింద, అడ్డంగా, జానెడు కట్టు. ఆ చోటు సుభాషిణికి బాగా తెలుసు. కూతురు వెన్నెలను తీసిన కుట్లు ఆమెకూ సరిగ్గా అక్కడే ఉన్నాయి.

"ఇది కాన్పు కోత గదయ్యా!"

"మెల్లిగా! గుంటల కాడ తెలిస్తే, ఏం బిడ్డ అని అడగరూ?"

ఆమె నవ్వలేదు. మంచం అంచున కూర్చుండిపోయింది. గడ్డకు సరిపడా దారి కళ్ళముందు కనబడుతోంది. వచ్చే ఉంటుంది. ఇక చెన్నై పోవాల్సిన పని లేదు. ఆ వెంటనే, వెన్నెల పుట్టినప్పుడు ఇదే మనిషి తన మంచం పక్కన నిలబడి, "ఈ మాత్రం కోతకే ఇంత మూలుగుడా?" అన్నది కూడా గుర్తొచ్చింది.

కిటికీలోంచి ఆదిశేషమ్మ గొంతు. "తలుపేసుకున్నారేంది? ఇంతకీ గడ్డ తీసినారంటావా?"

"తీసినారత్తా. నాకు నమ్మకం కుదిరింది."

"ఎట్టా?"

సుకుమార్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. భార్య కాసేపు అతని వంకే చూసింది.

"డాక్టరు వివరంగా చెప్పినారులే అత్తా," అని, కారు వద్దని ఫోన్ చేసింది.

మధ్యాహ్నం పళ్ళెంలో వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. కూర లేదు. సుకుమార్ పళ్ళెం వంకా ఆమె వంకా అనుమానంగా చూశాడు.

"ఇదేంది?"

"బాలింత పత్యం. మా అమ్మ నాకిదే పెట్టింది. మూలక్కుండా తిను."